న్యూయార్క్ కంజెషన్ టోల్: ఎంట్రీలను 9తో గుణిస్తే రాబడి ఎందుకు రాదు?

మీ ప్రశ్న ఇది. న్యూజెర్సీలో ఎంఎస్ చేస్తున్నారు. ప్రాజెక్టు కోసం మన్‌హాటన్ కంజెషన్ టోల్ (రద్దీ తగ్గించడానికి నగరం నడిబొడ్డుకు వచ్చే బండ్లపై వేసే రుసుము) రాబడిని ట్రాఫిక్ డేటా నుంచి లెక్కగట్టాలనుకున్నారు. న్యూయార్క్ రవాణా సంస్థ ఎంటీఏ ఓపెన్ డేటాలో రోజుకు సుమారు 5 లక్షల ఎంట్రీలు కనబడ్డాయి. దాన్ని 9 డాలర్లతో, తర్వాత 365తో గుణిస్తే 164 కోట్ల డాలర్లు తేలింది. ఎంటీఏ మాత్రం మొదటి ఏడాదికి నికరంగా 50 కోట్ల డాలర్లే అంచనా వేసింది. తప్పు ఎక్కడ జరిగింది, ఇదే పద్ధతి హైదరాబాద్‌లో మాదాపూర్ వైపు వాడొచ్చా అని అడిగారు.

టెన్షన్ పడకండి, ఈ రంగంలోకి కొత్తగా వచ్చినవాళ్లందరూ మొదట వేసే లెక్క ఇదే. గుణకారంలో తప్పేమీ లేదు. మీరు గుణించిన రెండు అంకెలకూ సంబంధం లేదు, అంతే. ఎంట్రీ అంటే ఒక బండి కెమెరా కింద నుంచి దాటడం. 9 డాలర్లంటే ఒక కారుకు ఒక రోజుకు పడే బిల్లు. కెమెరా కింద దాటిన బండ్లలో బిల్లు పడేవి ఎన్ని, ఏ రేటున పడుతుంది, ఆ బిల్లులో ఎంత చేతికొస్తుంది అన్నదే మొత్తం పని. టోల్ రాబడి అంచనాలు వేసే కన్సల్టెన్సీల్లో చాలాకాలంగా ఉన్నాను. ఎంట్రీల దగ్గర్నుంచి బిల్లుల దాకా దిగే ఆ మెట్లమీదే మా సమయం అంతా పోతుంది.

ముందు రూల్స్ ఒకసారి చూద్దాం. టోల్ 2025 జనవరి 5న మొదలైంది. 60వ వీధి, దానికి దక్షిణాన ఉన్న మన్‌హాటన్ అంతా ఈ జోన్ కిందికి వస్తుంది. ఈజీపాస్ (మన ఫాస్టాగ్ లాంటి టోల్ ట్యాగ్) ఉన్న కారుకు పీక్‌లో 9 డాలర్లు, మిగతా వేళల్లో 2.25. పీక్ అంటే పనిరోజుల్లో ఉదయం 5 నుంచి రాత్రి 9 దాకా, శని ఆదివారాల్లో ఉదయం 9 నుంచి రాత్రి 9 దాకా. కారుకు రోజుకు ఒక్కసారే పడుతుంది. చిన్న ట్రక్కుకు 14.40, పెద్ద ట్రక్కుకు 21.60, మోటార్‌సైకిల్‌కు 4.50. ట్యాక్సీలది వేరే లెక్క, దాని సంగతి కింద చెబుతాను.

మెట్లు దిగేముందు కింద నేల ఎక్కడుందో చూసుకోవాలి. ఎంటీఏ మొదటి నెల లెక్కలు బయటపెట్టింది. జనవరి 5 నుంచి 31 దాకా, అంటే 27 రోజుల్లో, మొత్తం వసూలు 4 కోట్ల 86 లక్షల డాలర్లు. రోజుకు 18 లక్షలు. మీ పద్ధతిలో అయితే రోజుకు 45 లక్షలు రావాలి. అంటే కెమెరా కింద దాటిన ఒక్కో బండి సగటున తెచ్చింది 9 డాలర్లు కాదు, 3 డాలర్ల 60 సెంట్లు.

అదే నివేదికలో ఇంకో ముక్క ఉంది. ఈ వసూలులో 68 శాతం కార్లది, 22 శాతం ట్యాక్సీలు, ఉబర్, లిఫ్ట్‌లది, 9 శాతం ట్రక్కులది, మిగిలిన 1 శాతం బస్సులు, మోటార్‌సైకిళ్లది. కార్ల వాటా రోజుకు 12 లక్షల 25 వేల డాలర్లు. దాన్ని 9తో భాగించండి. లక్షా 36 వేలు వస్తుంది. మీరు 5 లక్షల ఎంట్రీలతో మొదలుపెట్టారు. పూర్తి రేటున పడిన కారు బిల్లులకు సమానమైన సంఖ్య లక్షా 36 వేలు. మిగతావన్నీ ఎక్కడికి పోయాయో చెప్పగలిగితే మీ ప్రాజెక్టు అయిపోయినట్టే.

ఇప్పుడు డేటా ఫైలు తెరవండి. అందులో ప్రతి పది నిమిషాలకూ, ప్రతి వాహన తరగతికీ, ప్రతి ప్రవేశ స్థానానికీ ఒక వరుస ఉంటుంది. ప్రవేశ స్థానాలు పన్నెండు: బ్రూక్లిన్, మన్‌హాటన్, విలియమ్స్‌బర్గ్, క్వీన్స్‌బరో వంతెనలు నాలుగు, లింకన్, హాలండ్, క్వీన్స్-మిడ్‌టౌన్, హ్యూ కేరీ సొరంగాలు నాలుగు, 60వ వీధి దగ్గర తూర్పు వీధులు, పడమటి వీధులు, ఎఫ్‌డీఆర్ డ్రైవ్, వెస్ట్ సైడ్ హైవే. చివర్లో రెండు కాలమ్‌లు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి జోన్ ఎంట్రీలు. రెండోది మినహాయించిన రోడ్ల ఎంట్రీలు. ఈ రెండోదాన్ని చాలామంది మొదటిదానికి కలిపేస్తారు. కలపకూడదు. ఎఫ్‌డీఆర్ డ్రైవ్, వెస్ట్ సైడ్ హైవే, మన్‌హాటన్ దక్షిణ కొసన బ్యాటరీ అనే చోట ఈ రెంటినీ కలిపే అండర్‌పాస్ మీదుగా జోన్‌ను చుట్టి వెళ్లిపోయే బండికి టోల్ లేదు. అది ఆ రోడ్డు దిగి నగర వీధిలోకి వస్తేనే టోల్. అందుకే ఎంటీఏ వీటిని విడిగా చూపిస్తుంది. మీ మొత్తంలో ఈ కాలమ్ కలిసిందేమో ముందు చూసుకోండి.

స్టాక్‌హోమ్‌లో ఇలాంటిదే ఒక వింత ఉండేది. లిడింగో అనే ద్వీపంలో ఉండేవాళ్లు బయటికి ఎటు పోవాలన్నా టోల్ ప్రాంతం దాటకుండా రోడ్డు మార్గం లేదు. అందుకని ఆ ద్వీపం వైపునుంచి ఒక గేటు దాటిన బండి 30 నిమిషాల లోపు ఇంకో గేటు దాటి బయటపడితే టోల్ వేసేవాళ్లు కాదు. అక్కడ గేట్ల దగ్గర లెక్కబెట్టిన సంఖ్య ఎంత కచ్చితంగా ఉన్నా, రెండు గేట్ల దగ్గర తీసిన నంబర్ ప్లేట్లను జతచేస్తే తప్ప రాబడి తెలియదు. ఏ నగరంలో చూసినా ఇలాంటి స్థానిక మినహాయింపు ఒకటి ఉంటుంది. నిబంధనల పత్రం చదవకుండా డేటా ముట్టుకోవద్దని నేను జూనియర్లకు చెప్పేది ఇందుకే.

తర్వాతి మెట్టు ట్యాక్సీలు. అన్నిటికన్నా ఎక్కువ అంకెలు కారిపోయేది ఇక్కడే. డేటాలో ట్యాక్సీలకూ, యాప్ కార్లకూ ప్రత్యేక తరగతి ఉంది. ఎంట్రీల్లో వీటి వాటా చాలా పెద్దది. కానీ వీటికి రోజువారీ టోల్ లేదు. ప్రయాణికుడు ఉన్న ప్రతి ట్రిప్పుకూ ట్యాక్సీకి 75 సెంట్లు, ఉబర్, లిఫ్ట్ లాంటివాటికి డాలరున్నర, అదీ ప్రయాణికుడి బిల్లులో పడుతుంది. దీనివల్ల రెండు సంగతులు గమనించాలి. ఖాళీగా వంతెన దాటి లోపలికి వచ్చిన ట్యాక్సీ ఎంట్రీగా లెక్కకొస్తుంది, పైసా తేదు. జోన్ లోపలే పెన్ స్టేషన్ దగ్గర ఎక్కి వాల్ స్ట్రీట్ దగ్గర దిగిన ట్రిప్పు ఏ కెమెరా సరిహద్దూ దాటదు, కానీ డబ్బు తెస్తుంది. కాబట్టి ట్యాక్సీ రాబడిని ఎంట్రీల నుంచి లాగడానికి ప్రయత్నించనే వద్దు. ఆ తరగతిని ఫైలులోంచి తీసి పక్కన పెట్టండి.

దానికి వేరే మంచి డేటా ఉంది. నగర ట్యాక్సీ కమిషన్, టీఎల్‌సీ, ప్రతి నెలా ట్రిప్పు రికార్డులు విడుదల చేస్తుంది. ప్రతి ట్రిప్పుకూ ఎక్కిన జోన్, దిగిన జోన్, టైము, ఛార్జీ ఉంటాయి. 2025 నుంచి ఈ టోల్ కోసం ఒక కొత్త కాలమ్ చేర్చారు, పేరు సీబీడీ కంజెషన్ ఫీ. నెలలో దాన్ని కూడితే చాలు, ట్యాక్సీ రాబడి నేరుగా వచ్చేస్తుంది. కానీ ఒక్కటి జాగ్రత్త. అదే ఫైలులో కంజెషన్ సర్‌చార్జ్ అని ఇంకో పాత కాలమ్ ఉంది. అది 2019 నుంచి ఉన్న రాష్ట్ర రుసుము, మన్‌హాటన్‌లో 96వ వీధికి దక్షిణాన తగిలే ట్రిప్పులకు పసుపు ట్యాక్సీలో రెండున్నర డాలర్లు, యాప్ కారులో 2.75. రెండింటికీ సంబంధం లేదు. పేర్లు దగ్గరదగ్గరగా ఉన్నాయని ఆ కాలమ్ కూడితే మీ అంకె పట్టపగ్గాల్లేకుండా పెరుగుతుంది. నేనైతే జనవరి 5 నుంచి 31 దాకా కొత్త కాలమ్‌ను కూడి, ఎంటీఏ చెప్పిన 22 శాతం వాటాకు, అంటే కోటీ 7 లక్షల డాలర్లకు, ఎంత దగ్గరగా వచ్చిందో ముందు చూస్తాను. దగ్గరగా వస్తే మీ పద్ధతి మీద మీకు నమ్మకం కుదురుతుంది, ప్రొఫెసర్‌కూ కుదురుతుంది.

ఇక కార్లు. రోజుకు ఒక్కసారే టోల్ కాబట్టి, పొద్దున హాలండ్ సొరంగంలోంచి వచ్చి, మధ్యాహ్నం బ్రూక్లిన్ వెళ్లి, సాయంత్రం మళ్లీ మన్‌హాటన్ వంతెన మీదుగా వచ్చిన కారు రెండు ఎంట్రీలు, ఒక్క బిల్లు. బస్ పాస్ ఉన్నవాడు ఎన్నిసార్లు ఎక్కి దిగినా కండక్టర్ సంచిలో ఏమీ పడనట్టే. ప్లంబర్లు, డెలివరీ వ్యాన్‌లు, జోన్ అంచున ఉండేవాళ్లు రోజులో చాలాసార్లు దాటుతారు. ఓపెన్ డేటాలో నంబర్ ప్లేట్లు ఉండవు, ఉండకూడదు కూడా. కాబట్టి ఒక్కో కారు రోజుకు సగటున ఎన్ని ఎంట్రీలు చేస్తుందన్నది మీరు ఊహించాల్సిన పారామీటర్.

ఇక్కడో ప్రలోభం ఉంటుంది. ఈ ఒక్క పారామీటర్‌ను అటూ ఇటూ జరిపితే అసలు రాబడికి అతికినట్టు సరిపోతుంది. అలా చేస్తే మిగతా తప్పులన్నీ దాని కిందే దాక్కుంటాయి. ఆ పని చేయకండి. ముందు మిగతా మెట్లన్నీ విడిగా దిగండి, చివర్లో మిగిలిన తేడాను మాత్రమే దీనికి అంటగట్టండి. జనవరి మీద సరిచూసుకున్న విలువను ఫిబ్రవరి, మార్చి నెలల మీద మార్చకుండా పెట్టి పరీక్షించండి. నెలనెలా అది కదులుతూ ఉంటే ఏదో మెట్టు మీరు మర్చిపోయారన్నమాట.

వేళల సంగతి తేలికే, డేటాలో పీక్, రాత్రి అని గుర్తు ఉంటుంది. అయితే ఉదయం 5 గంటలకు ఇటూ అటూ ఉన్న పది నిమిషాల వరుసలు పనిరోజుల్లో ఓసారి కళ్లతో చూడండి. రాత్రి 9 దగ్గర కూడా. టోల్ వేళలకు తగ్గట్టు జనం ప్రయాణాన్ని ఎంత జరుపుకుంటున్నారో గంటల సగటులో కనబడదు, ఇక్కడే కనబడాలి. ఎంటీఏ మొదటి నెల వసూలులో 95 శాతం పీక్ వేళల్లోనే వచ్చింది. కాబట్టి రాత్రి ఎంట్రీల విషయంలో మీ అంచనా కాస్త తప్పినా మొత్తం కదలదు. పీక్ లెక్కలో చిన్న తప్పు మాత్రం పెద్దదై కూర్చుంటుంది. మీ శ్రమ ఎక్కడ పెట్టాలో దీన్ని బట్టే నిర్ణయించుకోండి.

సొరంగాల దగ్గర తగ్గింపు ఉంది. లింకన్, హాలండ్ సొరంగాల్లో ఇప్పటికే టోల్ కట్టి వచ్చే ఈజీపాస్ కారుకు పీక్‌లో 3 డాలర్లు తగ్గిస్తారు, అంటే 6 డాలర్లే. క్వీన్స్-మిడ్‌టౌన్, హ్యూ కేరీ సొరంగాలకు డాలరున్నర తగ్గింపు. మన ఎడిసన్, జెర్సీ సిటీ జనం ఎక్కువగా వాడేవి మొదటి రెండే కాబట్టి ఆ రెండు వరుసల్లో 9 వేయకండి. పాస్ లేని కారుకు ఇంటికి బిల్లు పంపుతారు, దాని రేటు 13.50. కాగితం మీద ఇది సగటును పెంచుతుంది. కానీ ఇంటికి పంపిన బిల్లులన్నీ వసూలు కావు, నకిలీ ప్లేట్లు, మూసేసిన ప్లేట్లు పెట్టుకున్న బండ్లకు అసలు బిల్లే వెళ్లదు. ఈజీపాస్ వాటా ఎంతో తెలియాలంటే ఎంటీఏ తన వంతెనలు, సొరంగాల మీద గంటగంటకూ దాటిన బండ్ల డేటా కూడా పెడుతుంది, అందులో చెల్లింపు పద్ధతి ఉంటుంది. దాన్నే ఆధారంగా తీసుకోవచ్చు.

మినహాయింపులు, రాయితీలు చిన్నవి: అత్యవసర వాహనాలు, స్కూలు బస్సులు, వికలాంగుల పథకం, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు నెలలో మొదటి పది ట్రిప్పుల తర్వాత సగం రేటు. వీటికి ఒక శాతం పెట్టేసి ముందుకు పోండి. ట్రక్కులను మాత్రం వదలొద్దు. ఎంట్రీల్లో కొద్దిగానే ఉంటాయి, రేటు పెద్దది కావడంతో వసూలులో 9 శాతం తెచ్చాయి. తరగతులు కలిపేసి సగటు తీస్తే ఇది మాయమైపోతుంది.

ఇలా వచ్చింది స్థూల రాబడి. జనవరిలో 4.86 కోట్ల వసూలులో ఖర్చులూ కేటాయింపులూ పోగా నికరంగా మిగిలింది 3.75 కోట్లు. మీరు పోల్చిన 50 కోట్లు నికరం, మీ 164 కోట్లు స్థూలం. ఇది కూడా చూసుకోండి. కెమెరాలు, బిల్లింగ్, కస్టమర్ కేర్ ఖర్చులు ట్రాఫిక్‌తో పెద్దగా మారవు.

3.75 కోట్లను 27తో భాగించి 365తో గుణిస్తే 50 కోట్ల 70 లక్షలు. ఎంటీఏ అంచనాకు అచ్చుగుద్దినట్టు ఉంది కదా అని అప్పట్లో చాలామంది సంబరపడ్డారు. నాకది నచ్చలేదు. జనవరి న్యూయార్క్‌లో ట్రాఫిక్ పలచగా ఉండే నెల, చలి, సెలవుల తర్వాత మందకొడితనం. జనవరిని ఏడాదికి సాగదీస్తే తక్కువే రావాలి. అలాగే అయింది, మొదటి ఏడాది నికరం 55 కోట్లు దాటింది. దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. టోల్‌కు ముందున్న ట్రాఫిక్‌కు అందరూ వాడే హబ్ బౌండ్ నివేదికలో 60వ వీధి దిగువకు వచ్చే వాహనాల లెక్క శరదృతువులో ఒక మామూలు పనిరోజుది. దాన్ని 365తో గుణిస్తే ఆదివారాలు, క్రిస్మస్, మంచు తుఫాన్లు అన్నీ అక్టోబరు మంగళవారాలైపోతాయి. పనిరోజులు, శనివారాలు, ఆదివారాలు, సెలవులు విడగొట్టి, నెలవారీ సూచిక (ఏ నెల ట్రాఫిక్ సగటు కన్నా ఎంత ఎక్కువ, ఎంత తక్కువ అన్నది) వేసి కూడండి.

ఇప్పటిదాకా చెప్పింది టోల్ పడ్డాక డేటా చదవడం. టోల్ పడకముందే రాబడి చెప్పాలంటే అసలు కష్టం అక్కడుంది, ఎందుకంటే టోల్ వేసేదే ట్రాఫిక్ తగ్గించడానికి. పథకం ఎంత బాగా పనిచేస్తే రాబడి అంత తగ్గుతుంది. లండన్ 2003 ఫిబ్రవరి 17న 5 పౌండ్లతో మొదలుపెట్టింది. జోన్‌లోకి వచ్చే మొత్తం వాహనాలు 14 శాతం తగ్గాయి. కానీ కార్లు దాదాపు మూడో వంతు తగ్గాయి. తేడా ఎందుకంటే టోల్ లేని బస్సులు, ట్యాక్సీలు, టూవీలర్లు పెరిగాయి. మొత్తం లెక్క చూసినవాడికి 14 శాతం నష్టం కనబడింది, ఖజానాకు తగిలింది మాత్రం కార్ల తగ్గుదల. నికర రాబడి ముందు అనుకున్నదానికన్నా బాగా తక్కువ వచ్చింది. జోన్‌లో ఉండేవాళ్లకు 90 శాతం రాయితీ ఒకటి. పైగా మొదటి ఏళ్లలో వచ్చినదాంట్లో జరిమానాలది చెప్పుకోదగ్గ భాగం. జనం కట్టడం అలవాటు చేసుకునేకొద్దీ అది కరిగిపోయే సొమ్ము. అందుకే నేను జరిమానాలను ఎప్పుడూ వేరే వరుసలో చూపిస్తాను, ఎవరైనా వాటిని టోల్‌లో కలిపి చూపిస్తే అనుమానిస్తాను.

స్టాక్‌హోమ్ మన లాంటి వాళ్లకు వరం. 2006 జనవరి 3 నుంచి జూలై 31 దాకా ప్రయోగంగా టోల్ వేసి ఆపేశారు, రెఫరెండం పెట్టారు, 2007 ఆగస్టు 1న మళ్లీ మొదలుపెట్టారు. వేశారు, తీశారు, మళ్లీ వేశారు. అదే ఊరు, అవే గేట్లు. ప్రయోగం నాటికి గేట్లు దాటే ట్రాఫిక్ సుమారు అయిదో వంతు తగ్గింది. అప్పట్లో అక్కడ వేళను బట్టి 10, 15, 20 క్రోనర్లు, రోజుకు గరిష్ఠం 60, పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ పడేది. గరిష్ఠ పరిమితి ఉన్నచోట సగటు రేటుతో గుణించడం కుదరదు, ఒక్కో బండి రోజంతా ఎన్నిసార్లు దాటిందో కావాలి. మీ ‘రోజుకు ఒక్కసారే టోల్’ సమస్యకు ఇది అన్నలాంటిది. సింగపూర్ సంగతి ఇక్కడ అంతగా పనికిరాదు. అక్కడ రోడ్ల మీద వేగం చూసి రేట్లు మారుస్తుంటారు, రాబడి వాళ్ల లక్ష్యం కాదు.

టోల్ పడితే ఎంతమంది మానేస్తారో లెక్కగట్టేటప్పుడు అందరికీ ఒకే శాతం వేయకండి. 9 డాలర్లు ఎవరికి ఎంత పెరుగుదలో చూడాలి. లింకన్ సొరంగంలో వచ్చే జెర్సీ డ్రైవర్ 2025లో పీక్‌లో ఆ సొరంగం నడిపే పోర్ట్ అథారిటీకి 16.06 డాలర్లు ముందే కట్టేవాడు. పార్కింగ్ 40, పెట్రోలు 6 అనుకుందాం, మొత్తం 62. అతనికి కొత్తగా పడేది తగ్గింపు పోను 6, అంటే పది శాతం పెరుగుదల. బ్రూక్లిన్ వంతెన మీద టోల్ లేదు. పార్కింగ్ 40, పెట్రోలు 3 అనుకుంటే 43, దానిమీద 9, అంటే 21 శాతం. ఖర్చు ఒక శాతం పెరిగితే అర శాతం మంది మానేస్తారని పెట్టుకుంటే జెర్సీ వైపు 5 శాతం, బ్రూక్లిన్ వైపు పది పైన తగ్గాలి. పార్కింగ్ కంపెనీ కట్టేవాడికి లెక్క మళ్లీ మారుతుంది. పన్నెండు ప్రవేశ స్థానాలు విడిగా ఉన్న డేటా చేతిలో ఉండగా అన్నిటినీ కలిపి ఒక్క శాతం వేయడం అన్యాయం.

ఇంకో సూక్ష్మం, పుస్తకం చదివినవాళ్లకు కూడా తట్టనిది. రద్దీ వేళ లింకన్ సొరంగం దగ్గర మీకు కనబడే సంఖ్య గిరాకీ కాదు, సొరంగం మింగగలిగినంత. వెనక హెలిక్స్ (సొరంగంలోకి దిగే మెలిక రోడ్డు) దాకా క్యూ ఉంటుంది. టోల్ వల్ల కొందరు మానేస్తే క్యూ తరుగుతుంది, అది చూసి ఇదివరకు క్యూకి భయపడి వేరే టైములో వచ్చేవాడు ఈ టైముకు వస్తాడు. సొరంగం నోటి దగ్గర లెక్క పెద్దగా మారదు. అది చూసి టోల్ పనిచేయలేదని రాసేవాళ్లు ఉంటారు. క్యూ పొడుగు, దాటడానికి పట్టిన సమయం కూడా పక్కన పెట్టుకుంటేనే మాట్లాడాలి.

వేగాల డేటా మీద ఆశపడుతున్నారేమో, అదీ చెప్పేస్తాను. ఫోన్‌ల నుంచి, మ్యాప్‌ల నుంచి వచ్చేది వేగం. దాన్నుంచి బండ్ల సంఖ్య తీయలేరు. గంటకు ఒకే సంఖ్యలో బండ్లు రెండు రకాలుగా పోగలవు: రోడ్డు సగం ఖాళీగా ఉండి వేగంగా, లేదా కిక్కిరిసి నత్తనడకన. వేగం తగ్గిందంటే బండ్లు ఎక్కువ దాటాయని కాదు, చాలాసార్లు తక్కువ దాటాయని. టోల్ వల్ల జనానికి ఎంత సమయం కలిసొచ్చిందో లెక్కగట్టడానికి వేగం బ్రహ్మాండంగా పనికొస్తుంది, రాబడికి కాదు.

రేటు పెంపు ప్రశ్న మీ ప్రొఫెసర్ తప్పక అడుగుతారు. న్యూయార్క్ ప్లాన్‌లో 2028లో 12, 2031లో 15 డాలర్లు ఉన్నాయి. ఎంటీఏ అంచనాలు నికరంగా 9 దగ్గర సుమారు 50 కోట్లు, 12 దగ్గర 70 కోట్లు, 15 దగ్గర 100 కోట్లకు దగ్గరగా. రేటు 67 శాతం పెరిగితే నికరం రెట్టింపు ఎలా అవుతుంది, ట్రాఫిక్ తగ్గదా? తగ్గుతుంది. కానీ ఖర్చులు దాదాపు స్థిరం, పెరిగిన వసూలంతా నేరుగా నికరంలోకి పోతుంది. ఆ వరసలోనే, 9 కట్టడానికి సిద్ధపడ్డవాడు 12కు సులువుగా మానడన్న నమ్మకం కూడా ఉంది. ఈ రెండోదాన్ని నేను కాస్త అనుమానంగానే చూస్తాను, మొదటిది మాత్రం లెక్కల్లో కళ్ల ముందే ఉంది.

ఏ మోడలూ పట్టుకోలేనివి కూడా ఉంటాయి. 2024 జూన్ 30న 15 డాలర్లతో మొదలుకావాల్సిన పథకాన్ని గవర్నర్ జూన్ 5న ఆపేశారు. ఆ ఏడాది ఎవరి అంచనా అయినా సున్నా. తర్వాత 9కి తగ్గించి మొదలుపెట్టాక 2025 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం అనుమతి వెనక్కి తీసుకుంటున్నానంది, వ్యవహారం కోర్టుకెక్కింది. ఈ సొమ్ము మీద 1,500 కోట్ల డాలర్ల అప్పు తెచ్చి రైళ్ల పనులకు పెట్టాలి. అప్పిచ్చేవాడికి సగటు అంకె అక్కర్లేదు, పదిలో తొమ్మిది సార్లు దీనికి తగ్గదు అనే అంకె కావాలి. మీ జవాబు ఒక అంకెగా కాక ఒక పరిధిగా ఇవ్వండి, ఏ పారామీటర్ వల్ల పరిధి ఎంత వెడల్పైందో కింద రాయండి.

ఇక మాదాపూర్. అక్కడ ఇలాంటి టోల్ లేదు, కాబట్టి మీరు రాసేది ఊహాత్మక కసరత్తు. చేయండి, కానీ మూడు చోట్ల న్యూయార్క్ పద్ధతి తన్నుతుంది. మన దగ్గర ట్రాఫిక్ సర్వే నివేదికలు చాలావరకు పీసీయూల్లో ఉంటాయి. కారు ఒకటి, టూవీలర్ సగం, బస్సు మూడు దాకా అని లెక్కేసి రోడ్డు మీద పడే భారం చెప్పే అంకె అది. దాన్ని టోల్ రేటుతో గుణించారంటే బస్సు మూడు కార్ల టోల్ కడుతుంది, స్కూటరు అర కారు టోల్ కడుతుంది. తరగతుల వారీ బండ్ల సంఖ్య ఉన్న అనుబంధ పట్టిక వెతికి పట్టుకోండి. రెండోది టూవీలర్లు. మన రోడ్ల మీద వాటి సంఖ్యే ఎక్కువ, జాతీయ రహదారుల మీద వాటికి టోల్ లేదు, ఫాస్టాగ్ కూడా లేదు. 2021 ఫిబ్రవరి నుంచి టోల్ ప్లాజాల్లో ఫాస్టాగ్ తప్పనిసరి అయింది నాలుగు చక్రాలు, ఆపైన బండ్లకే. టూవీలర్‌కు టోల్ లేకపోతే లండన్‌లో జరిగినట్టే కార్లలోంచి కొందరు అటు మారతారు, రోడ్డు మీద లెక్క పెద్దగా తగ్గదు, వసూలు మాత్రం తగ్గుతుంది. రెండు రకాలుగానూ లెక్క వేసి చూపించండి.

మూడోది సరిహద్దు. మన్‌హాటన్‌కు నీళ్లున్నాయి, పన్నెండు ద్వారాలతో సరిపోయింది. మాదాపూర్, గచ్చిబౌలి చుట్టూ ఎన్ని కాలనీ సందులున్నాయో ఒకసారి మ్యాప్‌లో గీసి చూడండి. ప్రతి సందులో కెమెరా పెట్టే ఖర్చు మీ నికరాన్ని మింగుతుంది, పెట్టకపోతే ట్రాఫిక్ ఆ సందుల్లోకి పోతుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు, ఓఆర్‌ఆర్‌తో పోల్చాలనిపిస్తుంది, 158 కిలోమీటర్ల ఆ రోడ్డు టోల్ హక్కును 2023లో 30 ఏళ్లకు 7,380 కోట్ల రూపాయలకు ఇచ్చారు కదా అని. కానీ అక్కడ ఎక్కిన చోటు, దిగిన చోటు రెండూ నమోదవుతాయి, దూరాన్ని బట్టి వసూలు, సందులు లేవు. రాబడి అంచనా వేయడానికి అంతకన్నా సుఖమైన రోడ్డు ఉండదు. మీ కసరత్తుకు అది పనికిరాదు. ఒక పనిరోజు, ఒక ఆదివారం నాలుగైదు పెద్ద దారుల మీద నంబర్ ప్లేట్లను జతచేసే సర్వే దొరుకుతుందేమో ముందు చూడండి. ఎంతమంది ఆ ప్రాంతంలో ఆగుతున్నారు, ఎంతమంది ఇటునుంచి అటు దాటిపోతున్నారు, ఒకే బండి రోజుకు ఎన్నిసార్లు వస్తోంది అన్నవి దానిలోంచే వస్తాయి. అది లేకుండా రాబడి అంకె వేయకండి, బండ్ల లెక్క దగ్గరే ఆపేసి అదే రిపోర్టులో రాయండి.